అమ్మ ఏఎన్ఎమ్, రాత్రి ఎంట్రీలు నావి. అందరి ఇళ్లలోనూ ఇంతేనా?

ఓటీపీ_కూతురు (ప్రశ్న):

నమస్తే అందరికీ. ఇక్కడ సబ్ సెంటర్ల వాళ్లు, నర్సింగ్ స్టాఫ్ చాలామంది ఉన్నారని చూసి రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మా అమ్మ ఏఎన్ఎమ్, అంటే సబ్ సెంటర్ నర్సమ్మ. 26 ఏళ్ల సర్వీసు. కోస్తాలో ఒక సబ్ సెంటర్, దాని కింద రెండు ఊళ్లు, మూడు కాలనీలు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్లుగా రాత్రి తొమ్మిదిన్నర అయిందంటే నాకు రెండో డ్యూటీ. అమ్మ ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, రిజిస్టరు ముందేసుకుని చదువుతుంది, నేను ఇక్కడ లాప్‌టాప్‌లో కొడతాను. "ఆడ, 47, బీపీ నూట నలభై బై తొంభై, షుగరు నూట అరవై రెండు, పొగాకు ఉంది, కొట్టావా?" "కొట్టానమ్మా, తర్వాత." ఇలా ముప్పై నలభై పేర్లు. మధ్యలో పోర్టల్ బయటికి తోసేస్తే మళ్లీ లాగిన్. ఓటీపీ అమ్మ ఫోన్‌కి వస్తుంది, కాల్‌లో ఉండగా మెసేజ్ ఎలా చూడాలో ఆమెకి ఇప్పటికీ తికమకే, కట్ చేసి చూసి మళ్లీ ఫోన్ చేసేలోపు దాని టైమ్ అయిపోతుంది. ఒకరోజు చదువుతూ చదువుతూ ఆగిపోయింది. లైన్ పోయిందనుకున్నాను. గురక వినిపించింది.

గర్భిణులకి ఒక యాప్, టీకాలకి ఒకటి, 30 దాటినవాళ్లకి బీపీ, షుగరు, క్యాన్సర్ స్క్రీనింగ్‌కి ఒకటి, జ్వరాల రిపోర్టుకి ఒకటి, హెల్త్ ఐడీలకి ఒకటి, హాజరుకి ఇంకోటి. ఇవి వస్తే రిజిస్టర్లు పోతాయన్నారు. ఒక్కటీ పోలేదు. రెండూ రాయాలి, రెండూ సరిపోవాలి, తేడా వస్తే మీటింగులో నిలబెడతారు.

మొన్న మంగళవారం సంగతి చెప్తాను, ఇది రాయడానికి కారణం అదే. అమ్మకి ఈమధ్య కళ్లద్దాలు మారాయి. పొద్దున్నే హాజరు యాప్ ఆవిడ ముఖం పట్టలేదు. అద్దాలు తీసి, పెట్టి, లోపల చీకటిగా ఉందని బయటికొచ్చి, వాటర్ ట్యాంకు దగ్గర ఎండలో నిలబడి, పదకొండు సార్లు. అంతసేపూ చెకప్‌కి వచ్చిన ఎనిమిదో నెల అమ్మాయి బెంచీ మీద కూర్చుని ఈవిడనే చూస్తోందట. రాత్రి ఫోన్‌లో అంది, "ఈ ఊళ్లో కుక్కలు కూడా నన్ను గుర్తుపట్టి మొరగడం మానేశాయే, దీనికి మాత్రం నేనెవరో తెలియట్లేదు." నవ్వుతూనే అంది. తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు.

అమ్మ పని దొంగ కాదు. కరోనా అప్పుడు కూడా ఇంత డీలా పడలేదు. ఇప్పుడు బీపీ మాత్రలు మొదలయ్యాయి, ఆదివారం సాయంత్రం నుంచే సోమవారం గురించి టెన్షన్. వీఆర్ఎస్ అంటోంది. నేను అడిగేవి ఇవీ: అందరికీ ఇంతేనా, లేక వయసు వల్ల అమ్మకే కష్టంగా ఉందా? ఎక్కడైనా ఈ డిజిటల్ పద్ధతి వల్ల నిజంగా పని తగ్గిందా? రాత్రి ఎంట్రీలు తగ్గించుకోవడానికి మీరు ఏం చేస్తున్నారు?


బుధవారం_సిస్టర్:

చెల్లీ, వయసు కాదు. నాకు 38. టైపింగ్ బాగానే వచ్చు, రీల్స్ కూడా చేస్తాను. అయినా నాదీ మీ అమ్మగారి పరిస్థితే.

బయటివాళ్లకి అర్థం కానిదేంటంటే, కొట్టడానికి పట్టే టైమ్ కాదు అసలు బాధ. నా బుధవారం చెప్తాను. బుధ, శనివారాలు టీకాల రోజులు కదా. పొద్దున పీహెచ్‌సీ నుంచి వ్యాక్సిన్ క్యారియర్ వస్తుంది, ఆశ వర్కరు ఇళ్లకి వెళ్లి తల్లుల్ని పిలుచుకొస్తుంది, పద్దెనిమిది ఇరవై మంది పిల్లలు. మీజిల్స్ రుబెల్లా వయల్ తెరిచామంటే టైమ్ రాసుకోవాలి, నాలుగు గంటలు దాటితే పారేయాలి. ఒక చెయ్యి పిల్ల తొడ మీద, ఒక చెయ్యి సిరంజి మీద. అప్పుడు యాప్ తల్లి ఫోన్‌కి ఓటీపీ పంపిస్తుంది. తల్లి ఫోన్ అంటే వాళ్లాయన ఫోన్. ఆయన చెన్నైలో సెంట్రింగ్ పని. స్లాబు మీద ఉన్న మనిషి ఫోనెత్తి, అద్దం మీద సిమెంటు తుడుచుకుని, నంబరు చదివేసరికి ఇక్కడ ముగ్గురు పిల్లలు ఏడుపు అందుకుంటారు.

ఇదీ ఓర్చుకుంటాం. ఓర్చుకోలేనిది వేరే ఉంది. సూది వేశాక బిడ్డని అరగంట అక్కడే ఉంచాలి, ఏమైనా రియాక్షన్ వస్తుందేమో చూడాలి కాబట్టి. ఆ అరగంటలో తల్లులు ఖాళీగా కూర్చుంటారు, నేనూ కూర్చునేదాన్ని. పాలు సరిగ్గా పడుతున్నాయా, అత్తగారు పత్యం పేరుతో ఏం తిననివ్వట్లేదా, రెండో కాన్పుకి ఎడం ఎంత, మొగుడు తాగొచ్చి కొడుతున్నాడా, ఇవన్నీ బయటికొచ్చేది అప్పుడే. పేరు పెట్టి అడిగితే ఎవరూ చెప్పరు, పిల్లాడి టోపీ సరిచేస్తూ పక్కన కూర్చుంటే చెప్తారు. ఇప్పుడు ఆ అరగంట నేను తల దించుకుని ఫోన్‌లో ఉంటాను. పోయినేడాది ఒకమ్మాయి నా పక్కన ఏదో చెప్పబోయి, "మీరు బిజీగా ఉన్నారులే సిస్టర్" అని లేచి వెళ్లిపోయింది. అదేంటో నాకింకా తెలీదు. ఇంటికొచ్చాక కూడా అదే గుర్తొస్తుంది.

లెక్క ప్రకారం మైదానంలో 5,000 జనాభాకి ఒక సబ్ సెంటర్, ఏజెన్సీలో 3,000కి. నా కింద 6,000 పైనే ఉన్నారు. రాత్రి ఎనిమిదికి వాట్సాప్ గ్రూపులో సబ్ సెంటర్ల వారీ లిస్టు పడుతుంది, తక్కువ ఉన్నవాళ్లు ఎర్ర రంగు. అన్నం తినేముందు ఆ లిస్టు తెరవకూడదని రూల్ పెట్టుకున్నాను. రోజూ తప్పుతూనే ఉంటాను.


పల్లె_సీహెచ్ఓ:

నేను కొంచెం వేరేగా చెప్తాను, తిట్టుకోకండి అక్కా.

నాది బీఎస్సీ నర్సింగ్, విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే డాక్టరుకీ సిస్టర్‌కీ మధ్య స్థాయిలో, చేస్తున్నాను. యాప్‌లు లేకముందు రోజులు నేను చూడలేదు, కాబట్టి ఏం పోయిందో నాకు తెలీకపోవచ్చు. కానీ వచ్చినదేంటో తెలుసు. పోయిన వేసవిలో మాకొక గర్భిణి, హిమోగ్లోబిన్ 6.8. ఏడు లోపు అంటే ఇంటి దగ్గర మాత్రలతో సరిపెట్టేది కాదని మీకు తెలిసిందే. నేను ఆసుపత్రికి రాసిన మర్నాడే సీమంతం చేసి పుట్టింటికి పంపేశారు, అదీ వేరే జిల్లా. ఫోన్ ఎత్తరు. గర్భిణుల పోర్టల్‌లో ఇచ్చే ఆర్‌సీహెచ్ ఐడీ ఉంది కాబట్టి అక్కడి సిస్టర్‌కి నంబరు ఇచ్చాను, ఆవిడ తన లాగిన్‌లో తెరిచి మొత్తం చూసి ఆ సాయంత్రానికే ఇంటికి వెళ్లింది. రక్తం ఎక్కించారు, తల్లీ బిడ్డా బాగున్నారు. కాగితం కార్డయితే ఆ కార్డు అత్తగారింట్లో బీరువా మీదే ఉండేది.

టెలీ కన్సల్టేషన్ కూడా అంతే. ఇ-సంజీవని మన ఊళ్ల సెంటర్లకి మొదట వచ్చింది ఏపీలోనే, 2019 నవంబరులో. ఒంటరిగా కూర్చుని ఒక కేసు చూస్తూ 'ఇది నేను చూడాల్సిందేనా, పంపించాలా' అని గుండె దడదడలాడేటప్పుడు అవతల ఒక డాక్టరు ముఖం కనిపించడం ఎంత ధైర్యమో చెప్పలేను. నా మొదటి ఏడాది దాని మీదే గడిచింది.

సరే, రెండో వైపు కూడా చెప్పాలి కదా. కొన్నాళ్లకి రోజుకి ఇన్ని కాల్స్ అని పైనుంచి అడగడం మొదలైంది. అప్పటిదాకా అవసరమైతే చేసేవాళ్లం, తర్వాత జలుబుకి కూడా చేశాం. డాక్టరుకీ తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం ముప్పై సెకన్లు ముఖాలు చూసుకుని పెట్టేసేవాళ్లం. నాకు ధైర్యమిచ్చిన వస్తువే నాకు విసుగు తెప్పించేలా తయారైంది.


కోల్డ్‌చెయిన్_బాబాయ్:

ఫార్మసిస్టుని. చిన్న మాట. పీహెచ్‌సీలో వ్యాక్సిన్లు పెట్టే ఐఎల్ఆర్ ఫ్రిజ్‌కి ఈ-విన్ లాగర్ అని ఉష్ణోగ్రత చూసే పెట్టె ఉంటుంది. రాత్రి కరెంటు పోయి లోపల 8 డిగ్రీలు దాటినా, 2 కిందికి పడినా నా ఫోన్‌కి మెసేజ్. ఇంతకుముందు తుపాను రాత్రులు నిద్ర ఉండేది కాదు, టార్చి పట్టుకుని వెళ్లి థర్మామీటరు చూసొచ్చేవాణ్ణి. ఇప్పుడు పడుకుంటున్నాను, మోగితేనే లేస్తాను.

ఆ పెట్టె నన్ను ఏమీ అడగదు. ఓటీపీ అడగదు, ముఖం చూపించమనదు. తన పని తాను చేసుకుని అవసరమైతే లేపుతుంది. ఆటోమేషన్ అంటే నాకు తెలిసి అదీ. మీరు చెప్పేవన్నీ కాగితం మీద రాసేదాన్ని గాజు మీద రాయించడం. దానికా పేరు ఎందుకు పెట్టారో.

(రోజుకి రెండుసార్లు ఉష్ణోగ్రత పుస్తకంలో రాయడం మాత్రం పోలేదు, నవ్వొస్తే నవ్వుకోండి.)


బిల్డ్_పంపినవాడు:

ఇక్కడ నోరు విప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నేను ఇలాంటి యాప్ ఒకటి తయారుచేసిన టీమ్‌లో ఉన్నాను. ఏదో చెప్పను, ఇప్పుడు ఆ కంపెనీలో లేను కూడా.

మా అప్లికేషన్‌లో బీపీ గడి నింపకపోతే ఫారం ముందుకెళ్లేది కాదు. ఎందుకంటే మీటింగులో ఎవరో "ఖాళీలు రాకూడదు" అన్నారు, మేం ఎర్ర చుక్క పెట్టేశాం, అంతే. మూడు నెలలకి డేటా తీసి చూస్తే 120/80, 120/80, 120/80, పేజీలకి పేజీలు. ఊళ్లో అందరూ ఒకే మనిషి అన్నట్టు. మా మేనేజరు "ఫీల్డు స్టాఫ్ దొంగ లెక్కలు" అన్నాడు. నాకూ అప్పుడు అలాగే అనిపించింది, అబద్ధం చెప్పను.

తర్వాత ఒక్క రోజు, ప్రాజెక్టు మొత్తంలో ఒకే ఒక్క రోజు, నన్ను ఊరికి పంపించారు. ఆ సిస్టర్ దగ్గర బీపీ మెషీన్ కఫ్ గాలి లీకవుతోంది, కొత్తది అడిగి ఐదు నెలలైందట. వాన పడుతోంది, ఫోన్‌ని పాలిథీన్ కవర్లో పెట్టి కవరు మీద నుంచే పెన్ను మూతతో నొక్కుతోంది. మెషీన్ పనిచేయట్లేదు అని చెప్పడానికి మా ఫారంలో చోటే లేదు. 'కొలవలేదు' అని ఒక బటన్ పెట్టి ఉంటే ఆవిడ నిజం రాసేది. మేం ఆ బటన్ పెట్టలేదు, ఆవిడ చేత 120/80 కొట్టించింది మేమే.

నెట్ లేకపోయినా సేవ్ అవ్వడం ఏమీ కొత్త ఆలోచన కాదు. 2016లో ఏపీలో ఏఎన్ఎమ్‌లకి ట్యాబ్‌లు ఇచ్చి అన్‌మోల్ యాప్ మొదలుపెట్టినప్పుడే అది అందులో ఉంది, సిగ్నల్ లేనిచోట ఎంట్రీ చేసుకుంటే దొరికినప్పుడు పైకి వెళ్తుంది. మరి మా దాంట్లో ఎందుకు లేదంటే, పనుల లిస్టులో అది ఇరవై మూడోది. డ్యాష్‌బోర్డులో జిల్లాల రంగులు రెండోది. డ్యాష్‌బోర్డు చూసేవాళ్లు మీటింగుకి వచ్చారు, ఎంట్రీ చేసేవాళ్లని ఎవరూ పిలవలేదు.

సిస్టర్లకి నేను చెప్పగలిగింది ఒకటే. 'యాప్ పనిచేయట్లేదు' అని గ్రూపులో పెడితే ఎవరూ పట్టించుకోరు, ఏ ఫారం, ఏ గడి, ఎన్ని గంటలకి, స్క్రీన్‌షాట్, ఇవి పెట్టండి, అలాంటివి పది ఒకే గడి గురించి వస్తే మార్చక తప్పదు. మార్చడం పది నిమిషాల పని, నమ్మండి.


బుధవారం_సిస్టర్:

బిల్డ్ తమ్ముడూ, ఆ బటన్ సంగతి చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. 120/80 నేనూ కొట్టాను. ఎన్నిసార్లో లెక్క లేదు. కొట్టిన ప్రతిసారీ ఆ మనిషి ముఖం గుర్తుంటుంది.


లీడ్స్_ప్రొద్దుటూరు:

మాది ప్రొద్దుటూరు, ఇంగ్లండ్‌లో జీపీ ప్రాక్టీసులో నర్సుని, అంటే మన పీహెచ్‌సీ లాంటిదే అనుకోండి. అక్కడంతా హైటెక్, హాయి అని మా బంధువులు అనుకుంటారు కాబట్టి రాస్తున్నాను.

ఎంట్రీ రెండుసార్లు ఉండదు, అది పెద్ద తేడా. కాగితమే లేదు. సాయంత్రం డ్యూటీ దిగాక ఎవరూ ఫోన్ చేయరు. కానీ ఇక్కడ కూడా 2004 నుంచి క్యూఓఎఫ్ అని ఒకటుంది, షుగరు పేషెంట్లలో ఎంతమందికి పాదాలు చూశారు, ఎంతమంది బీపీ హద్దులో ఉంది, ఇలా పాయింట్లు, పాయింట్లని బట్టి ప్రాక్టీసుకి డబ్బు. కాబట్టి కంప్యూటరు గుర్తుచేస్తూనే ఉంటుంది. ఒకసారి ఒక పెద్దాయన, రివ్యూకి వచ్చి, భార్య పోయి మూడు వారాలైందని చెప్తున్నాడు. స్క్రీన్ మూల పసుపు గుర్తు వెలుగుతోంది, పాదాల పరీక్ష పెండింగ్. నా కళ్లు దాని మీదికి వెళ్లాయి. ఆయన చూశాడు. మాట ఆపేసి, తనే బూటు విప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి మానిటర్ గోడ వైపు తిప్పుకుని కూర్చుంటున్నాను, మనిషి వెళ్లాకే దాని సంగతి.

ఇంకోటి ఎవరూ చెప్పనిది. ఇక్కడ తేలిక పనులన్నీ యంత్రానికి వెళ్లిపోయాయి. బీపీ ఇంటి దగ్గర చూసుకుని లింకులో పంపిస్తారు, మందుల రిపీట్ యాప్‌లో, చిన్న ప్రశ్నలు ఆన్‌లైన్ ఫారంలో. మంచిదే కదా అనిపిస్తుంది. అయితే మునుపు రోజులో అలాంటి తేలిక మనుషులు ఆరేడుగురు వచ్చేవారు, రెండు మాటలు, ఒక నవ్వు, మనకి ఊపిరి తీసుకునే సందు. ఇప్పుడు లోపలికొచ్చే ప్రతి మనిషీ బరువే. మానని పుండు, ఏడుపు, నాలుగు జబ్బులు కలిసినవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు. తల లెక్కన చూస్తే పని పెరగలేదు, సాయంత్రానికి మాత్రం పిండేసినట్టు ఉంటుంది. యాప్‌లో ఇది ఎక్కడా కనిపించదు.

మీ అమ్మగారితో చెప్పండి, కుక్కల మాట నాకు చాలా నచ్చింది.


సైక్_నర్సింగ్_ట్యూటర్:

పాఠం చెప్పినట్టు ఉంటే క్షమించండి, వృత్తి అలవాటు. పని ఒత్తిడి మీద రాబర్ట్ కరాసెక్ 1979లో చెప్పింది ఇప్పటికీ మేం క్లాసులో చెప్తాం: పని ఎంత ఎక్కువ అన్నది ఒక్కటే మనిషిని కుంగదీయదు, ఆ పని ఎప్పుడు, ఎలా చేయాలో తనే నిర్ణయించుకునే వీలు ఎంతుంది అన్నది దానికి తోడవ్వాలి. పని ఎక్కువ, చేతిలో అధికారం తక్కువ, ఈ రెండూ కలిసినచోటే అసలు నలుగుడు. రిజిస్టరు రోజుల్లో సిస్టర్ ముందు ఏ ఇంటికి వెళ్లాలో, ఎప్పుడు రాసుకోవాలో తనే చూసుకునేది. ఇప్పుడు ఆ వరస యాప్ చెప్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని జబ్బు కింద కాకుండా పని వల్ల వచ్చే పరిస్థితిగా రాసింది, మూడు గుర్తులు: ఒంట్లో సత్తువ అయిపోవడం, పని మీద మనసు విరగడం, నేనేం చేయలేకపోతున్నానన్న భావన. ఆదివారం సాయంత్రం నుంచే టెన్షన్ అన్నారు, వీఆర్ఎస్ అంటున్నారు. తేలిగ్గా తీసుకోకండి, ఒకసారి డాక్టరుకి చూపించండి.

ఇప్పుడు మీకు నచ్చని మాట. అమ్మ లాగిన్‌తో మీరు ఎంట్రీలు చేయడం ఆపేయాలి. ఆ ఊరి ఆడవాళ్ల ఆరోగ్యం వివరాలు హైదరాబాద్‌లో మీ లాప్‌టాప్‌లో ఎందుకుండాలి? వాళ్లు సిస్టర్‌ని నమ్మి చెప్పారు, మిమ్మల్ని కాదు. వ్యక్తిగత డేటా మీద 2023లో చట్టం కూడా వచ్చింది. రేపు ఒక ఎంట్రీ తప్పు పడితే అందులో ఉండేది అమ్మ పేరే.


ఓటీపీ_కూతురు:

మేడమ్, మీరన్నది నిజమే, గుచ్చుకుంది కూడా. కానీ నేను ఆపేస్తే ఆ నలభై పేర్లు ఎవరు కొడతారు? అమ్మ ఒంటి గంట దాకా మేలుకుంటుంది. నేను చేస్తున్నాను కాబట్టే పైవాళ్లకి అంతా సవ్యంగా జరుగుతున్నట్టు కనిపిస్తోంది కదా, అది ఇప్పుడే తట్టింది.


పల్లె_సీహెచ్ఓ:

మా మండలంలో సగం మంది సిస్టర్లకి ఎంట్రీలు భర్తలే కొడతారు. ఒకావిడకి టెన్త్ చదివే కొడుకు.


రిటైర్డ్_హెచ్‌వీ:

తల్లీ, నేను హెల్త్ విజిటర్‌గా చేరి సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. పాత రోజులు బంగారం అని ఎవరైనా అంటే నమ్మొద్దు. పదిహేను ఇరవై రిజిస్టర్లు సంచిలో మోసేవాళ్లం, భుజం ఇప్పటికీ నొప్పే. నెలాఖరు వచ్చిందంటే రిపోర్టు టాలీ చేయడానికి పీహెచ్‌సీలోనే చాప వేసుకుని పడుకున్న రోజులున్నాయి.

ఫ్యామిలీ ప్లానింగ్ టార్గెట్ల కాలం మీలో ఎవరికీ తెలీదు. మార్చి వస్తే సిస్టర్లు ఊళ్లో ఎదురొస్తే ఆడవాళ్లు తలుపులేసుకునేవారు. ఇన్ని ఆపరేషన్లు తేకపోతే జీతం ఆపుతామనేవారు. కేసు కోసం సొంత డబ్బులు పెట్టినవాళ్లు ఉన్నారు, లేని కేసులు రాసినవాళ్లూ ఉన్నారు, నేను సూపర్‌వైజర్‌గా వాటి మీద సంతకాలు పెట్టాను. 1996 ఏప్రిల్‌లో కేంద్రం ఆ టార్గెట్లు తీసేసింది. తీసేసిన ఏడాది మా సిస్టర్లు ఊళ్లోకి నడిచివెళ్లే తీరే మారిపోయింది, మళ్లీ ఇళ్లలో మజ్జిగ ఇచ్చారు.

అందుకని నాకు ఈ యాప్ మీద అంత కోపం లేదు. దాని లోపల కూర్చున్నది ఆ పాత టార్గెట్టే, చొక్కా మార్చుకుని వచ్చింది. అప్పుడు నెలకోసారి తిట్టేవారు, ఇప్పుడు రోజుకి మూడుసార్లు తిట్టడానికి వీలు దొరికింది, అదీ ఫోన్‌లో, అదీ అందరి ముందు. హర్యానాలో 2021లో ఆశా వర్కర్లు వాళ్ల ఫోన్లలో పెట్టిన ట్రాకింగ్ యాప్ వద్దని ఆందోళన చేశారు. ఫోన్ వద్దనలేదు గమనించండి, ఎక్కడ తిరుగుతున్నామో చూడటం వద్దన్నారు.

చేయగలిగింది చెప్తాను. మీ అమ్మ ఒక్కతే అడిగితే 'పెద్దావిడ, చేతకావట్లేదు' అంటారు. పీహెచ్‌సీ పరిధిలో సిస్టర్లంతా కలిసి మెడికల్ ఆఫీసర్ గారికి కాగితం ఇవ్వండి, ఫిర్యాదులా కాదు, లెక్కలా. ఏ రిజిస్టరు ఏ యాప్‌తో రెండోసారి రాస్తున్నామో ఒక పట్టిక, ఒక్కోదానికి రోజుకి ఎన్ని నిమిషాలు. ఎంట్రీకి వారంలో ఒక మధ్యాహ్నం డ్యూటీలోనే ఇమ్మని అడగండి. మా హయాంలో ఇలాగే అడిగి రెండు రిజిస్టర్లు తీయించాం. రెండే, కానీ తీయించాం. డాక్టరు గారికి కూడా ఎర్ర లిస్టు ఉంటుంది పైన, ఆయనా విసిగే ఉంటాడు, శత్రువు అనుకోవద్దు.


ఓటీపీ_కూతురు (పది రోజుల తర్వాత):

అందరి సమాధానాలూ అమ్మకి చదివి వినిపించాను. పెద్దావిడ మాటలకి "నిజమే, మజ్జిగ నిజమే" అంది. వీఆర్ఎస్ మాట ఇంకా అంటూనే ఉంది, కానీ పట్టిక మాత్రం వేసింది, నలుగురు సిస్టర్లు కలిసి. గర్భిణుల వివరాలు మూడు చోట్ల రాస్తున్నారని రాసి చూసుకుంటేగానీ వాళ్లకే తెలీలేదట. కాగితం ఇచ్చారు, డాక్టరు గారు చదివి "ఉంచండి" అన్నారు. దానర్థం ఏంటో తెలీదు.

నేను రాత్రి ఎంట్రీలు ఆపేశాను. బదులుగా ఆదివారం వెళ్లి కాల్‌లో ఉండగా మెసేజ్ ఎలా చూడాలో, తెలుగులో మాట్లాడితే అదే టైప్ చేసే కీబోర్డు ఎలా వాడాలో నేర్పాను. అది 'ఐరన్ మాత్రలు' అంటే 'ఐరన్ పాత్రలు' అని కొట్టింది, ఇద్దరం చాలాసేపు నవ్వాం.

ఈ బుధవారం అమ్మ ఆ అరగంట ఫోన్ సంచిలో పెట్టేసిందట, బుధవారం సిస్టర్ గారి మాట విని. పన్నెండింటికి మాది ఎర్ర రంగులో సున్నా. పన్నెండూ నలభైకి ఫోన్ వచ్చింది. "పిల్లలు ఏడుస్తున్నారు సార్, మూడింటికి చేస్తాను" అని పెట్టేసింది. ఇరవై ఆరేళ్లలో అలా పెట్టేయడం ఇదే మొదటిసారి అని నాకు రెండుసార్లు చెప్పింది. సర్వర్ ఏడుపుతో ఆరు దాటింది, ఇంకా పదకొండు మిగిలాయి.

ఒకటి మాత్రం ఎవరూ చెప్పలేదు. కళ్లద్దాలు మారాక హాజరు యాప్‌లో ముఖం మళ్లీ నమోదు చేయించాలంటే ఎవర్ని అడగాలి? ఇవాళ కూడా ట్యాంకు దగ్గరే నిలబడింది.


పల్లె_సీహెచ్ఓ:

మా దగ్గర పీహెచ్‌సీలో అడ్మిన్ లాగిన్ ఉన్నవాళ్లే పాతది తీసేసి కొత్తగా ఫోటో తీశారు అక్కా, ఐదు నిమిషాల పని. పొద్దున వెలుతురులో, అద్దాలు పెట్టుకునే తీయించమనండి. మెరుపు పడకుండా తల కొంచెం వంచాలి.